సెండ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రూబీ వారి సెండ్ గారికి,

కర్నూలు నుంచి ఒక ప్రోగ్రామరు సవినయంగా రాసుకుంటున్నది. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, పేరు చేతికందిస్తే చాలు, ఆ పేరున్న మెథడ్‌ను, అంటే ఒక పని చేసే కోడ్ ముక్కను, నడిపిపెట్టేవారు తమరు. ఉల్లికి హమాలీని ఇకపై సంచి లెక్కన కాక క్వింటాలు లెక్కన పట్టీలో కోయాలని ఇక్కడి మండీ వ్యాపారి ఒకరు అడిగారు. 'హమాలీ_ఉల్లి' మెథడ్‌కు సంచుల సంఖ్య బదులు తూకం అందించాలి, అంతే. దాన్ని ఎక్కడెక్కడ పిలుస్తున్నారో తెలిస్తే పావుగంట పని. ప్రాజెక్టు మొత్తం, ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే గ్రెప్‌తో గాలిస్తే దొరికింది ఒకే ఒక్క వరుస, ఆ మెథడ్ నిర్వచనం. పిలిచేవాడే లేని మెథడ్ రోజూ హమాలీ కోస్తూనే ఉంది!

సాయంత్రానికి తేలిందేమిటంటే, 'హమాలీ_' అన్న ముక్క ఒక ఫైలులో, 'ఉల్లి' అన్న ముక్క డేటాబేసులోని సరుకుల పట్టికలో ఉండగా, రెండింటినీ అతికించి తమరి చేతిలో పెట్టే వరుస మూడోచోట ఉంది. పూర్తి పేరు ఎక్కడా రాసి ఉండదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు పుట్టి, పని కాగానే పోతుంది. ఎడిటరేమో ఆ మెథడ్‌ను ఎవరూ వాడడం లేదంటుంది. దాని మాట నమ్మి ఎవరైనా తీసేస్తే, యార్డులో లారీలు బారులు తీరిన వేళ అలాంటి మెథడే లేదంటూ నోమెథడ్ఎర్రర్ పలకరిస్తుంది.

బయటివాళ్లు పిలవకూడని ప్రైవేటు మెథడ్‌లనూ తమరు మొహమాటం లేకుండా నడిపేస్తారు. జావా భాషలో తమరిలాంటి పనే చేసే ఇన్వోక్ గారు అలాంటి చోట ముందుగా అనుమతి ఉందా అని చూస్తారు, లేకపోతే ఆగిపోతారు. బయటి నుంచి వచ్చిన పేరును ఎవరైనా యథాతథంగా అందిస్తే, అది 'ఎగ్జిట్' అయినా సరే, తమరు మారుమాట లేకుండా ప్రోగ్రాంనే మూసేస్తారు. ప్రైవేటు వాటి జోలికి పోని పబ్లిక్_సెండ్ అనే మర్యాదస్థుడు ఇంట్లోనే ఉన్నా, మావాళ్లు తమరినే పిలుస్తారు. పేరు పొట్టి కదా!

తమరు లేకపోతే ఉల్లి, వేరుశనగ, మిర్చి, కంది అంటూ ఒక్కో సరుకుకూ ఒక్కో వరుసతో చాంతాడంత కేస్ రాయాల్సి వచ్చేదని, కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక్క మెథడ్ రాసి ఊరుకోవచ్చని ఒప్పుకుంటాను. కానీ ఆ సుఖం రాసి వెళ్లిపోయినవాడిది, తిప్పలు మావి. సరుకు పక్కన మెథడ్ పూర్తి పేరు రాసిన హాష్ అనే జాబితా ఒకటి పెట్టి ఉంటే ఏం పోయేదండీ? ఈ రాత్రికే అది రాస్తున్నాను. రేపటి నుంచి అందులో లేని పేరు ఏదీ తమరి దాకా రాదు, వచ్చినా పబ్లిక్_సెండ్ గారే చూసుకుంటారు.