నవజాత శిశువుల వార్డుకు ఫిజియోథెరపిస్టును పంపుదాం

సొంత జిల్లాల ఆసుపత్రులకు ఏదైనా చేయాలని మన సంఘం అనుకున్న ప్రతిసారీ చర్చ యంత్రాల దగ్గర మొదలై యంత్రాల దగ్గరే ముగుస్తుంది. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లు, కామెర్లకు వాడే ఫొటోథెరపీ దీపాలు, ఊపిరికి ఆసరా ఇచ్చే సీప్యాప్ యంత్రాలు అవసరం లేదని ఎవరూ అనరు. అవి లేని రోజుల్లో ఎందరు పసికందులు దక్కకుండా పోయారో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ పెద్దావిడను అడిగినా చెబుతుంది. అయినా ఈసారి వసూలయ్యే విరాళాల్లో కొంత భాగం ఒక మనిషి శిక్షణకూ జీతానికీ వెళ్ళాలని నేను కోరుతున్నాను. నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో పనిచేసే ఫిజియోథెరపిస్టు గురించి చెబుతున్నాను. బిడ్డను తల్లిదండ్రుల చేతికి అందించడం, ఆ చేతులకు ధైర్యం నేర్పడం ఆ మనిషి చేయవలసిన మొదటి పని. యంత్రం మీద దాతల పేర్లు చెక్కించుకోవచ్చు గానీ జీతం మీద చెక్కించుకోలేము కాబట్టి, ఈ ప్రతిపాదన కొందరికి అంతగా రుచించకపోవచ్చు.

ఫిజియోథెరపీ అనగానే మనకు మోకాలి ఆపరేషన్ చేయించుకున్న నాన్నగారో, పక్షవాతం వచ్చిన మేనమామో గుర్తుకొస్తారు. కిలోన్నర బరువైనా లేని పసిగుడ్డుకు వీళ్ళతో ఏమి పని అని అడగడం సహజమే. చివరి మూడు నెలల్లో గర్భంలో చోటు ఇరుకవుతున్న కొద్దీ బిడ్డ కాళ్ళూ చేతులూ ముడుచుకుని ఒదిగి ఉంటుంది, కండరాలకు బిగువు కూడా ఆ కాలంలోనే క్రమంగా వస్తుంది. ఏడో నెలలోనే బయటపడిన బిడ్డకు ఆ అవకాశం ఉండదు. చదునైన పరుపు మీద దాని కాళ్ళు కప్పకాళ్ళలా పక్కలకు వాలిపోతాయి, భుజాలు వెనక్కి లాగినట్టు ఉండిపోతాయి, తల ఒకే వైపు ఒత్తుకుని చదునవుతుంది. వారాల తరబడి ఇలాగే ఉంటే చెయ్యి నోటి దగ్గరకు చేర్చుకోవడం, తల నిలబెట్టడం వంటి పనులు ఆలస్యమవుతాయి. మెత్తటి బట్టను చుట్టలుగా చుట్టి బిడ్డ చుట్టూ గూడులా అమర్చడం, గంటల వారీగా పక్కలు మార్చడం ఫిజియోథెరపిస్టుకు తెలిసిన పని. అయితే ఆ గూటి కంటే మేలైన చోటు తల్లి గుండె. సగం వాలి కూర్చున్న తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టినప్పుడు బిడ్డ కాళ్ళూ చేతులూ వాటంతట అవే ముడుచుకుంటాయి. తలను ఒక పక్కకు తిప్పి కాస్త ఎత్తి ఉంచితే ఊపిరికీ అడ్డం ఉండదు.

ఈ పద్ధతినే కంగారూ మదర్ కేర్ అంటున్నాము. కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో 1970ల చివర ఇది మొదలైంది. అందువల్ల దీన్ని చాలాకాలం పేదదేశాల సర్దుబాటుగానే చూశారు. భారతదేశంతో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఆసుపత్రుల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనం ఆ చూపును మార్చింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువుతో పుట్టిన బిడ్డలకు, స్థిమితపడే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. మన దేశం నుంచి పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. నెలలు నిండని బిడ్డలను రోజుకు 8 నుంచి 24 గంటల దాకా ఇలా గుండెకు హత్తుకుని ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది.

ఎనిమిది గంటలన్న మాట కాగితం మీద తేలిక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్‌తో జరుగుతున్నాయి. కడుపు మీద కుట్లతో బాలింతల వార్డులో పడుకున్న తల్లి లేచి, నడిచి, వేరే అంతస్తులో ఉన్న బిడ్డ దగ్గరకు చేరాలి. గొట్టాలు, తీగలు కదలకుండా బిడ్డను గుండెల మీదకు తీసుకోవాలి. ఆపైన గంటల కొద్దీ నడుము పట్టకుండా కూర్చోవాలి. పక్కకు తిరిగి మోచేతి ఆసరాతో ఎలా లేవాలో, దగ్గు వచ్చినప్పుడు కుట్ల మీద దిండు ఎలా అదుముకోవాలో, కుర్చీలో వీపు వెనుక ఏమి పెట్టుకోవాలో నేర్పేది ఫిజియోథెరపిస్టే. తల్లి శరీరాన్నీ బిడ్డ శరీరాన్నీ ఒకే పనిగా చూడగలిగిన మనిషి ఆ వార్డులో ఉంటే, మూడో రోజున జరిగేది మొదటి రోజునే జరుగుతుంది. నర్సులు ఈ పని చేయలేరని కాదు. మందులు, కొలతలు, పాలు, రాత కోతలు అన్నీ మోస్తున్న నర్సుకు ఒక్కొక్క తల్లి పక్కన అరగంట నిలబడే తీరిక ఉండదు.

మన ప్రాంతంలో బిడ్డను వార్మర్‌లోనో ఇంక్యుబేటర్‌లోనో ఉంచితే 'బాక్సులో పెట్టారు' అంటారు. ఆ తరువాత బిడ్డ ఆసుపత్రి సొత్తయిపోయినట్టు అందరూ నాలుగు అడుగులు వెనక్కి వేస్తారు. 'ముట్టుకుంటే ఏటవుద్దో' అన్న భయం తల్లికంటే అమ్మమ్మకే ఎక్కువ. ఇక్కడ నేర్పవలసినది చాలా ఉంది. నెలలు నిండని బిడ్డ చర్మానికి వేలి కొసలతో మెల్లగా నిమరడం చిరాకు తెప్పిస్తుంది. కదలకుండా ఆనించి ఉంచిన అరచెయ్యి నెమ్మదినిస్తుంది. తల మీద ఒక చెయ్యి, ముడిచిన పాదాల దగ్గర ఇంకో చెయ్యి ఉంచితే, మడమలో సూది గుచ్చి రక్తం తీసేటప్పుడు కూడా బిడ్డకు నొప్పి బాధ తగ్గుతుంది. ఆ చేతులు తండ్రివైనా సరిపోతాయి. వేళ్ళు విచ్చుకుని చాపడం, వెన్ను విల్లులా విరవడం, ఎక్కిళ్ళు, ఆవులింతలు, రంగు మారడం, చూపు తిప్పుకోవడం ఇక చాలని బిడ్డ చెప్పే తీరు. చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకుంటే, ముఖం సడలితే, వేలు గట్టిగా పట్టుకుంటే ఇంకాసేపు ఉండమని అర్థం. తల్లి వీటిని చదవగలిగిన నాటినుంచి ఆమెకు ఆ బిడ్డ కేసు షీటులోని అంకె కాదు. మాట, స్పర్శ, ఊపు మూడూ ఒకేసారి ఇవ్వకుండా ఒకదాని తరువాత ఒకటిగా ఇవ్వాలన్న సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

అమ్మమ్మను పక్కకు తప్పించి ఇవేవీ సాగవు. నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసి, చేతులూ కాళ్ళూ సాగదీసే అలవాటు మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉంది. నెలలు నిండని బిడ్డ విషయంలో సాగదీయడం మానాలని చెప్పవలసిందే; కానీ ఏ అరచేతుల్లో ఆ నేర్పు ఉందో ఆ అరచేతులకే నిశ్చలంగా పట్టుకోవడం నేర్పితే ఆవిడ శత్రువు కాకుండా సహాయకురాలవుతుంది. తండ్రుల సంగతి మరీ కష్టం. మన తీరప్రాంత మత్స్యకారులు గుజరాత్ రేవుల్లో పడవల మీద, మెట్ట ప్రాంతాల కూలీలు హైదరాబాదు, చెన్నై కట్టడాల దగ్గర ఉంటారు. వచ్చిన నాలుగు రోజులైనా తండ్రి చొక్కా విప్పి బిడ్డను గుండెకు ఆన్చుకునే వీలు కల్పించాలి. రాలేని చోట అత్తో పిన్నో కూర్చోవచ్చు. రాలేకపోయిన తల్లిని, తండ్రిని నిందించే కొత్త కొలబద్దగా మాత్రం ఈ అనుబంధం మాట మారకూడదు.

అభ్యంతరాలు లేకపోలేదు. జనం లోపలికి వస్తే అంటురోగాలు వస్తాయన్నది మొదటిది. 2021 అధ్యయనంలో వెంటనే తల్లి గుండెకు చేర్చిన బిడ్డల్లో రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులు పెరగలేదు సరికదా, తగ్గాయి. చేతులు కడిగించి, కుటుంబాన్ని బిడ్డ సంరక్షణలో భాగం చేయాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖే 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. రెండోది నాకు మరింత బరువైనదిగా తోస్తుంది: శిక్షణ లేని ఫిజియోథెరపిస్టు హాని చేయగలడు. మరీ ముందుగా పుట్టిన బిడ్డలకు ఛాతీ మీద తట్టే చికిత్స ఎక్కువసార్లు చేయడానికీ మెదడు దెబ్బతినడానికీ సంబంధం ఉండవచ్చని న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ వైద్యులు 1998లో ప్రచురించారు. అందుకే కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పట్టభద్రుణ్ణి నేరుగా ఆ వార్డుకు పంపమని నేను అనను. నవజాత శిశువుల వైద్యుడి కింద నెలల తరబడి చూసి, ఎప్పుడు ముట్టుకోకూడదో ముందు నేర్చుకున్నవారే కావాలి.

ఇంటికి వెళ్ళాక జరిగేదే ఈ ఖర్చును నిజంగా సమర్థిస్తుంది. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం, ఎదుగుదలలో లోపాలను తొందరగా పట్టుకునే ముందస్తు చికిత్సా కేంద్రాలు జిల్లా స్థాయిలో ఉండాలి, వాటి సిబ్బందిలో ఫిజియోథెరపిస్టు ఉండాలి. అయితే ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంటే, ముక్కూ మొహం తెలియని వారి దగ్గరకు కూలి పోగొట్టుకుని ఎవరు వెళతారు? వార్డులో తన చేతికి మొదటిసారి బిడ్డను అందించిన మనిషే ఆ కేంద్రంలోనూ ఉంటే తల్లి వస్తుంది. నెలలు నిండి పుట్టవలసిన తేదీ నుంచి లెక్కిస్తే మూడో నెల నాటికి బిడ్డ ఒళ్ళంతా సన్నగా, తీరుగా కదలాలి. ఆ కదలికలు లేకపోవడం, మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతుల కదలిక కుంటుపడే సెరిబ్రల్ పాల్సీకి తొలి సూచన కావచ్చు. ఆస్ట్రియా వైద్యుడు హైంజ్ ప్రెష్టల్ రూపొందించిన ఈ పరీక్షకు కొన్ని నిమిషాల వీడియో చాలు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి ఫోన్‌లో తల్లే తీసి పంపవచ్చు.

కాబట్టి విజయనగరం ఘోషా ఆసుపత్రి గానీ, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి గానీ, ముందుకొచ్చిన ఒక్కచోట ప్రారంభిద్దాం. రెండేళ్ళ పాటు ఒక ఫిజియోథెరపిస్టు జీతం, శిక్షణ. వెనక్కి వాలే కుర్చీలు, చాటు కోసం తెరలు, ముందు తెరుచుకునే మెత్తటి జుబ్బాలు. దూరపు తల్లులకు బస్సు ఛార్జీలు, భోజనం. ఆసుపత్రి అనుమతి, నియామక పద్ధతి ముందే రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి. మనం ప్రతి ఆరు నెలలకు అడగవలసిన లెక్కలు రెండే: ఒక్కో బిడ్డ రోజుకు సగటున ఎన్ని గంటలు గుండెల మీద ఉంది, ఇంటికి వెళ్ళినవారిలో ఎందరు మూడో నెల పరీక్షకు తిరిగి వచ్చారు.