సవరణ: హబీబ్ టైటిల్ గెలిచింది మెక్‌గ్రెగర్ మీద కాదు

రష్యా ఫైటర్ హబీబ్ నుర్మగొమెదోవ్ ఐర్లండ్ ఫైటర్ మెక్‌గ్రెగర్‌ను ఓడించి యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే సంస్థ) లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాడని మొన్న అమలాపురంలో మా జిమ్ పిల్లల కోసం పెట్టిన పోస్టులో రాశాను. అది నా పొరపాటు. నిర్వాహకుల అధికారిక ఫలితాల ప్రకారం టైటిల్ వచ్చింది 2018 ఏప్రిల్‌లో, బ్రూక్లిన్‌లో, అల్ ఐక్వింటా మీద. ఐదు రౌండ్లూ అయ్యాక జడ్జీల నిర్ణయంతో. ఐక్వింటా ఒక్క రోజు ముందు అడిగితే ఒప్పుకుని హబీబ్ మీద బరిలోకి దిగినవాడు. అలాంటివాడి పేరు వదిలేయకూడదు. మెక్‌గ్రెగర్‌తో పోటీ అదే అక్టోబరులో, టైటిల్ నిలబెట్టుకోవడానికి జరిగింది. నాలుగో రౌండ్‌లో హబీబ్ మెడపట్టు బిగించేసరికి మెక్‌గ్రెగర్ చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. హబీబ్‌వి మొత్తం 29 పోటీల్లో 29 గెలుపులని ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే. జిమ్ గోడమీద సుద్దతో రాసిందీ ఇవాళ పొద్దున్నే చెరిపి తిరగరాశాను.