సవరణ: స్పాటిఫైలో ‘ఒక్కో ప్లేకి ఇంత’ అనే రేటు లేదు

స్పాటిఫై ఒక్కో ప్లేకి స్థిరమైన మొత్తం చెల్లిస్తుందని మ్యూజిక్ స్ట్రీమింగ్ గురించి పెట్టిన పోస్టులో రాశాను. అది తప్పు. కళాకారుల కోసం ఆ కంపెనీయే ఇచ్చిన వివరణలో లెక్క వేరేగా ఉంది.

చందాల మీద, ప్రకటనల మీద ఆ నెల వచ్చిన ఆదాయంలో హక్కుదారుల (పాటల మీద హక్కులున్నవాళ్ల) వాటాను ముందు పక్కన పెడతారు. మొత్తం ప్లేలలో ఎవరి వంతు ఎంతో చూసి దాన్ని పంచుతారు. ఒక దేశంలో మొత్తం 100 కోట్ల ప్లేలు జరిగి, అందులో 10 లక్షలు మీవైతే మీ వంతు 0.1 శాతం. ఆదాయం పెరగకుండా జనం వినడం మాత్రమే పెరిగితే, మీ ప్లేలు ఒక్కటి కూడా తగ్గకపోయినా మీకొచ్చే డబ్బు తగ్గుతుంది. నేను ‘రేటు’ అన్నది చివర్లో భాగహారం చేస్తే తేలే సగటు మాత్రమే, అదీ నెలనెలా మారేది.

రెండు షరతులు కూడా వదిలేశాను. కనీసం 30 సెకన్లు వింటేనే ప్లేగా లెక్క. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 ప్లేలు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీయే (పాట రికార్డింగ్ మీద హక్కుదారులకు ఇచ్చే డబ్బు) లేదు.

ఇక డబ్బు నేరుగా గాయకుడికి వెళ్లదు. లేబుల్‌కో (మ్యూజిక్ కంపెనీకి) డిస్ట్రిబ్యూటర్‌కో (పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థకు) వెళ్తుంది. అక్కడి నుంచి ఎంత చేరుతుందో వాళ్ల ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.