సవరణ: జుగే విల్లు దాడి దూరం ఒకటే

చైనా మూడు రాజ్యాల కాలం నేపథ్యంగా సాగే ‘సాన్‌గువో షా’ అనే కార్డుల ఆటలోని ‘జుగే లియన్‌ను’ (జుగే వరుసబాణాల విల్లు) కార్డు గురించి నిన్న రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. అది పెట్టుకుంటే ఎంత దూరంలోని ఆటగాడినైనా కొట్టవచ్చన్నాను. కాదు. దాని దాడి దూరం 1 మాత్రమే, మామూలుగా అటూ ఇటూ పక్కనున్నవాళ్ల వరకే. వాళ్లు దూరం పెంచే రక్షణ గుర్రం కార్డు పెట్టుకుంటే పక్కనున్నా దాడికి చిక్కరు. ఆ విల్లు అసలు బలం వేరు: వంతుకు ఒకే ‘షా’ (దాడి కార్డు) అన్న పరిమితిని ఎత్తేస్తుంది. చేతిలో నాలుగుంటే నాలుగూ వేయొచ్చు, అదే దాని భయం.

రెండోది, నిజంలో అలాంటి విల్లును మూడు రాజ్యాల కాలపు మంత్రి జుగే లియాంగ్ (181–234) కనిపెట్టాడన్నాను. హుబే ప్రాంతంలో ఒక చూ రాజ్యకాలపు సమాధిలో దొరికిన వరుసబాణాల విల్లు ఆయనకంటే 500 ఏళ్లకు పైగా పాతది. ఆయన చేసింది మెరుగులు దిద్దడమే. నా మాట నమ్మి ఆటలో వాదించినవాళ్లు క్షమించాలి.