కంటి నాడిని లోపలి నుంచి కాచే సిగ్మా-1

గ్లకోమా, అంటే కంటి నాడి దెబ్బతిని చూపు మెల్లగా పోయే జబ్బు, అనుమానం ఉన్నవాళ్లను ఒక గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెడతారు. ఒక కంటికి మూత వేస్తారు. రెండో కన్ను మధ్యలోని చుక్క మీదే ఉండాలి. చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. చివర్లో వచ్చే కాగితం మీద కొందరికి నల్లటి మచ్చలు కనిపిస్తాయి. అక్కడా వెలుగు మెరిసింది, కన్నూ తెరిచే ఉంది, కానీ మెదడుకు కబురు అందలేదు. దాన్ని మోయాల్సిన రెటీనాలోని గ్యాంగ్లియన్ కణాలు (వీటి పోగులు కలిసే కంటి నాడి) అప్పటికే చనిపోయాయి. ఇవి ఒక్కో కంటిలో సుమారు 10 లక్షలు ఉంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు.

ఇప్పుడున్న చికిత్సల్లో చుక్కల మందైనా, లేజరైనా, ఆపరేషనైనా చేసే పని ఒక్కటే, కంటి ఒత్తిడి తగ్గించడం. ఎంతోమంది చూపు నిలబడింది దానివల్లే. అయితే ఒత్తిడి మామూలుగానే ఉన్నా నాడి దెబ్బతినేవాళ్లున్నారు. ఒత్తిడి అదుపులోకి వచ్చాక కూడా చూపు తగ్గుతూ పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది కణాన్నే బతికించే మందు. అలాంటిది ఇంకా చేతికి రాకపోవడం నేత్రవైద్యంలో పెద్ద లోటు. ఆ లోటు తీర్చే దారుల్లో సిగ్మా-1 రిసెప్టర్ (మందు వచ్చి అతుక్కునే ఒక కణ ప్రొటీన్) మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది.

1976లో సిగ్మా రిసెప్టర్లను మొదట వర్ణించినప్పుడు, మార్ఫిన్ లాంటి మందులు పట్టుకునే రిసెప్టర్లలో ఒక రకం అనుకున్నారు. ఆ లెక్క తప్పని తర్వాత తేలింది. 1996లో సిగ్మా-1 జన్యువు దొరికింది. చూస్తే 223 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. రిసెప్టర్ అనగానే కణం పైపొర మీద, గుమ్మం దగ్గర ఉండేదే గుర్తొస్తుంది. ఇది ఎక్కువగా ఉండేది ఇంటి లోపల. ప్రొటీన్లు తయారై మడతపడే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, శక్తినిచ్చే మైటోకాండ్రియాను ఆనుకునే చోట కూర్చుని ఉంటుంది. అది అక్కడ చేసే పనిని 2007లో హయాషి, సు అనే శాస్త్రవేత్తలు చూపించారు. మామూలు రోజుల్లో ఇది బిప్ అనే మరో ప్రొటీన్‌కు అతుక్కుని ఊరికే ఉంటుంది. రెటిక్యులంలో కాల్షియం పడిపోగానే విడిపోయి, మైటోకాండ్రియాకు కాల్షియం పంపే ద్వారం కూలిపోకుండా పట్టుకుంటుంది. శక్తి సరఫరా ఆగిపోకుండా చూస్తుంది.

గ్యాంగ్లియన్ కణానికి ఈ సాయం ఎంత అవసరమో దాని తోక చూస్తే తెలుస్తుంది. ఆ సన్నటి పోగు రెటీనా పైన పాకుతూ వచ్చి, కంటి వెనక గోడ దగ్గర ఒక్కసారిగా వంగి, జల్లెడలాంటి పొర రంధ్రాల్లోంచి బయటికి దూరాలి. ఆ జల్లెడ దాటేదాకా దానికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉండదు. తొడుగు లేని తీగలో సంకేతం నడవాలంటే శక్తి బాగా ఖర్చవుతుంది. అందుకే అక్కడ మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. ఒత్తిడి పెరిగినప్పుడు నలిగేది కూడా సరిగ్గా ఆ వంపు దగ్గరే.

సిగ్మా-1 అసలే లేని ఎలుకలను పెంచి చూశారు. చిన్న వయసులో వాటి రెటీనా బాగానే పనిచేసింది. ఏడాది వయసు వచ్చేసరికి గ్యాంగ్లియన్ కణాలు తగ్గాయి, రెటీనా విద్యుత్ స్పందన పడిపోయింది. ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసిన ఫలితం ఇదే. రోజువారీ చూపుకు ఈ ప్రొటీన్ తప్పనిసరి కాదు. వయసు మీద పడ్డాక దాని లోటు బయటపడుతోంది.

2016లో సిల్వియా స్మిత్ బృందం ఇంకో అడుగు వేసింది. పుట్టుకతోనే జన్యులోపం ఉండి, ఆరు వారాల్లో వెలుగును పట్టే రాడ్, కోన్ కణాలు పోగొట్టుకునే ఎలుకలకు, సిగ్మా-1ను పనిలోకి దించే ప్లస్-పెంటాజోసిన్ అనే మందు ఇచ్చారు. కోన్ కణాలు నిలిచాయి, పనీ చేశాయి. అదే లోపంతో పాటు సిగ్మా-1 కూడా లేని ఎలుకలకు అదే మందు ఇస్తే ఏ ఫలితమూ లేదు. కాబట్టి కాపాడింది ఈ రిసెప్టర్ ద్వారానే. నొప్పికి వాడే పెంటాజోసిన్ ఇంజెక్షన్‌తో దీన్ని కలపకండి. అందులో అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలు కలిసి ఉంటాయి (ప్లస్ వాటిలో ఒకటి), అలవాటు పడే ప్రమాదమూ ఉంది. కంటి కోసం దాని జోలికి వెళ్లొద్దు.

ఎలుకల్లో నెగ్గినవన్నీ మనుషుల్లో నెగ్గవు. ఎక్కువైతే నాడీకణాలకు విషమయ్యే గ్లుటమేట్ దెబ్బను అడ్డుకుంటుందని మెమాంటిన్ అనే మందును 2,000 మందికి పైగా గ్లకోమా రోగులతో నాలుగేళ్ల పాటు పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితాలు నిరాశపరిచాయి. మెమాంటిన్ ఒక్క విషానికి అడ్డం పడుతుంది. సిగ్మా-1 కణం తన పని తాను చక్కబెట్టుకునేలా చేస్తుంది. అందుకే ఆ ఓటమిని చూసి దీన్ని కూడా పక్కన పెట్టేయడం తప్పని నా వాదన.

ట్రయల్ మాత్రం అదే పద్ధతిలో పెడితే మళ్లీ అదే నిరాశ. వయసుతో బయటపడే లోటుకు మందు ఆలస్యంగా ఇచ్చి, తక్కువ కాలంలో తేడా చూపమంటే కుదరదు. రెటీనాలోని నాడి పోగుల పొర మందాన్ని ఓసీటీ అనే కాంతి స్కాన్ మైక్రాన్లలో కొలుస్తుంది. చాలామందిలో ఆ పొర పలచబడటం బటన్ పరీక్షలో మచ్చ కనిపించక ముందే మొదలవుతుంది. పొర పలచబడుతూ, మచ్చ ఇంకా పడని వాళ్లనే ట్రయల్‌కు తీసుకోవాలి. ఒత్తిడి తగ్గించే చుక్కలు ఆపకుండా, వాటికి తోడుగా సిగ్మా-1ను పనిలోకి దించే మందు ఇచ్చి ఏళ్ల తరబడి ఆ పొరను కొలుస్తూ పోవాలి.