కరుణకు ఎన్ని పాయింట్లు?

అద్భుత లోకాలను సృష్టించిన మహారచయితలంతా తమ బాధ్యతను సగంలోనే వదిలేశారన్నది ఇన్నాళ్లుగా ఎవరూ నోరు విప్పి చెప్పని సత్యం. జె.ఆర్.ఆర్. టోల్కీన్‌నే తీసుకోండి. ఆయన తాను ఊహించిన లోకమైన మిడిల్ ఎర్త్‌కు పటాలు గీశారు, ఎల్ఫులకు భాషలు కల్పించారు, రాజులకు వంశవృక్షాలు రాశారు, హాబిట్లనే పొట్టి మనుషులు వాడుకునే పంచాంగాన్ని సైతం అనుబంధంలో చేర్చారు. కాని వీరుడు ఆరగార్న్ కత్తి ఎత్తి ఒక్క వేటు వేస్తే ఎదుటివాడి ప్రాణంలో ఎన్ని పాయింట్లు తరుగుతాయో ఎక్కడా చెప్పలేదు. 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అంతటి గ్రంథంలో ఒక్క దెబ్బకైనా కొలత లేదు. పాఠకులు పాపం అంకెలు లేకుండానే భయపడ్డారు, అంకెలు లేకుండానే కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈ అరాచకానికి 1974లో తెరపడింది. ఆ ఏడాది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్, బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి పాచికలతో కథ నడిపే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను వెలువరించారు. పేరుకు అది సొంత లోకమే అయినా అందులో టోల్కీన్ సృష్టించిన హాబిట్లు, నడిచే చెట్లవంటి ఎంట్లు, అగ్నిభూతాలైన బాల్రోగ్‌లు యథేచ్ఛగా తిరుగుతుండేవి. హక్కుదారులు చట్టం పేరు ఎత్తాక 1977 ప్రాంతంలో అవి వేరే పేర్లు పెట్టుకుని అదే ఇంట్లో కాపురం కొనసాగించాయి. ఆ న్యాయవివాదం మనకు అప్రస్తుతం. మనకు కావలసింది శాస్త్రం, ఆ శాస్త్రం మొట్టమొదట బయటపెట్టినది బిల్బో బ్యాగిన్స్ అసమర్థతను.

1937లో వెలువడిన టోల్కీన్ కథ ‘ద హాబిట్’లో డ్వార్ఫులనే మరుగుజ్జులు హాబిట్ అయిన బిల్బోను దొంగగా పనిలో పెట్టుకుంటారు. మిగిలే లాభంలో పద్నాలుగో వంతుకు మించకుండా వాటా ఇస్తామని కాగితం కూడా రాసిస్తారు. 1974 నియమాల ప్రకారం చూస్తే హాబిట్ యోధుడు మాత్రమే కాగలడు, అదీ నాలుగో లెవెల్, అంటే నాలుగో మెట్టు, దాటకుండా. దొంగ అనే వృత్తి ఆటలో మరుసటి ఏడాది వచ్చిన అనుబంధంతో గాని పుట్టనే లేదు. అంటే ఈ పెద్దమనిషి ఉనికిలో లేని ఉద్యోగంలో అర్హత లేకుండా చేరాడన్నమాట. పోనీ చేరినవాడు నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడా అంటే అదీ లేదు. దక్కించుకున్న బంగారు నాణెం ఒక్కింటికి ఒక ఎక్స్‌పీరియెన్స్ పాయింట్ చొప్పున, అవి పోగైతే లెవెల్ పెరిగేలా, ఆట ఉదారంగా ఇస్తుంటే, ఇతడు వెలకట్టలేని రత్నం ఆర్కెన్‌స్టోన్‌ను యుద్ధం ఆపడం కోసమని ఎదుటి పక్షానికి చేతులారా అప్పగించి, చివరికి వెండి ఒకదానిలో, బంగారం ఒకదానిలో ఉన్న రెండు చిన్న పెట్టెలతో ఇల్లు చేరాడు. లెక్కలు తెలిసిన ఆటగాడెవడూ చేయని పని ఇది. అయినా తరతరాల పాఠకులు ఇతణ్ణే నాయకుడిగా నెత్తిన పెట్టుకున్నారంటే, అంకెలు లేని సాహిత్యం మనుషులను ఎంతగా దారి తప్పించిందో ఊహించుకోవచ్చు.

బిల్బో తరువాత విచారణ మాంత్రికుడు గాండాల్ఫ్ మీదికి మళ్లింది. 1977లోనే ఆ ఆటకు సంబంధించిన పత్రిక ఒకటి, కథలో గాండాల్ఫ్ ప్రయోగించిన మంత్రాలను నియమాల పట్టికతో సరిపోల్చి, ఆయన ఐదో లెవెల్ మాంత్రికుడు మాత్రమేనని తేల్చిన వ్యాసాన్ని ప్రచురించింది. నేను ఈ వ్యాసాన్ని మానవ మేధస్సు సాధించిన విజయాల్లో ఒకటిగా భావిస్తాను. కర్ర చివర వెలుగు పుట్టించడం, ఎండిన కాయలకు నిప్పంటించి తోడేళ్ల మీదికి విసరడం తప్ప ఈయన ఇంత కథలో చేసినదేమిటన్నది సూటి ప్రశ్న. ఇరుకు వంతెన మీద ఒంటరిగా బాల్రోగ్‌కు అడ్డం నిలబడ్డాడు కదా అని అభిమానులు వాదిస్తారు. నిలబడడం మంత్రం కాదు. దానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

గడి లేని చోట గడి గీయాలన్న పట్టుదలతో 1984లో ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ, ఈసారి హక్కులు సక్రమంగా పొంది, ‘మిడిల్ ఎర్త్ రోల్ ప్లేయింగ్’ను తెచ్చింది. ఏ దెబ్బకు ఏ ఎముక విరుగుతుందో, ఎవరు ఎలా తడబడి పడతారో పట్టికలకు పట్టికలే అందులో ఉన్నాయి. నూటికి ఎంతన్న లెక్కతో పాచికలు వేస్తే శత్రువు మోకాలి గతి ఆ వరుసలో దొరికిపోతుంది. పాయింట్ల విషయంలోనూ ఆ ఆట చేతికి ఎముక లేదు: చంపినందుకు పాయింట్లు, దెబ్బ తిన్నందుకు పాయింట్లు, నడిచిన దూరానికి పాయింట్లు, బుర్రకు తట్టిన ఆలోచనకు సైతం పాయింట్లు. చంపగలిగి ఉండి వదిలేసినందుకు మాత్రం విడిగా పద్దు కనబడదు. ఇక్కడే చిక్కు వచ్చింది.

ఆ చిక్కు ఏమిటో తెలియాలంటే ఏ బల్ల దగ్గరైనా కాసేపు కూర్చోవాలి. నలుగురు ఆటగాళ్లు, కథ చెప్పి తీర్పులిచ్చే గేమ్ మాస్టర్ ఒకరు, మధ్యలో పెన్సిల్‌తో గీసి చెరిపి మళ్లీ గీసిన పటం. చీకట్లో కొండచరియ దిగివస్తున్న గొల్లుం, అంటే పెట్టుకున్నవారిని మాయం చేసే ఉంగరాన్ని ఒకప్పుడు పోగొట్టుకుని దానికోసమే వెంటాడే ప్రాణి, వాళ్ల చేతికి చిక్కాడు. గేమ్ మాస్టర్ గొంతు తగ్గించి, ఆ బక్కప్రాణి వణుకును, ఆ పెద్ద కళ్లను ఎంతో శ్రద్ధగా వర్ణించాడు.

“మాస్టారూ, వీణ్ణి వదిలేస్తే మాకేం వస్తుంది?”

“ఏమీ రాదు.”

“చంపితే?”

“మామూలుగా వచ్చే పాయింట్లు వస్తాయి.”

ఆయన మాట పూర్తి కాకముందే పాచికలు దొర్లాయి. మిడిల్ ఎర్త్ భవితవ్యం రెండో వారంలోనే ముగిసింది. ఆటగాళ్లలో ఒకరు కాగితం మీద కొత్త మొత్తాన్ని రాసుకుని, లెవెల్ పెరగడానికి ఇంకెంత కావాలో కూడిక వేసుకుంటూ కనిపించారు.

ఆ ఆటగాళ్లను నిందించడానికి నేను అంగీకరించను. వాళ్లు క్రూరులు కారు, నియమావళిని శ్రద్ధగా చదివిన పౌరులు. పిండి కొద్దీ రొట్టె. చంపితే కూలి ఇచ్చే పుస్తకాన్ని చేతికిచ్చి, పటంలో ఊళ్ల పేర్లన్నీ మూలగ్రంథం ప్రకారమే ఉన్నాయి కనుక ఇది ఆ లోకమే అనుకోమంటే, వాళ్లు పటంలో ఆ లోకాన్ని చూస్తూ బల్ల మీద ఇంకో లోకంలో బతుకుతారు. నిజానికి బిల్బో ఒకసారి, అతని వారసుడు ఫ్రోడో ఒకసారి, ఆఖరికి ఫ్రోడో సేవకుడు సామ్ కూడా ఒకసారి గొల్లుంను చంపకుండా వదలడం వల్లనే ఉంగరం నాశనమైందని మూలకథ చెబుతోంది కదా అంటారా? ముగ్గురూ ఆదాయం పోగొట్టుకున్నారని మాత్రమే నా లెడ్జరు చెబుతోంది.

దురదృష్టవశాత్తు ఆటల రూపకర్తల్లో కొందరు విధ్వంసకారులు ఈ లెడ్జరునే తారుమారు చేయబూనారు. వారిలో మొదట చెప్పుకోవలసినవాడు గ్రెగ్ స్టాఫర్డ్. ఆర్థర్ రాజు గాథలను ఆటగా మలుస్తూ 1985లో ఆయన ‘పెండ్రాగన్’ను తెచ్చాడు. అందులో ప్రతి వీరుడి కాగితం మీదా 13 జతల గుణాలుంటాయి. ప్రతి జతలోని రెండు అంకెలు కలిపితే 20 రావాలి. కరుణ 12 ఉన్నవాడికి క్రూరత్వం 8. పడిపోయిన శత్రువు ప్రాణభిక్ష అడిగినప్పుడు, ఆటగాడు ఏం చేయాలని ఉవ్విళ్లూరుతున్నా, ఒక్కోసారి పాచిక వేసి ఆ వీరుడి స్వభావం ఏమంటుందో ముందు కనుక్కోవలసి వస్తుంది. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. కరుణ, న్యాయం, వినయం, ఔదార్యం వంటి ఆరు గుణాలు కలిపి 80కి చేరిన వీరుడికి ఒంటిమీద అదనపు కవచం ఉన్నట్టే లెక్క! సుగుణం ఇనుముగా మారి కత్తివేటును ఆపుతుందట. అంకెల మీద ఇంతకాలం మాకున్న గుత్తాధిపత్యాన్ని ఇంత దొంగచాటుగా దెబ్బతీసినవారు లేరు. పట్టికలు మావి, పాచికలు మావి, కూడికలూ మావే. వాటితోనే ఆయన ఆటగాళ్లను మంచివాళ్లుగా ప్రవర్తించేటట్టు చేశాడు.

ఈ తెగులు మిడిల్ ఎర్త్‌కూ పాకింది. 2011లో ఫ్రాన్సెస్కో నెపిటెల్లో రూపొందించిన ‘ద వన్ రింగ్’ ఆటలో ప్రతి పాత్రకూ ఆశ అని ఒక నిల్వ, నీడ అని ఒక బరువు ఉంటాయి. నీచమైన పని చేస్తే నీడ పెరుగుతుంది. నీడ ఆశను మించిందా, ఆ పాత్ర నీరుగారిపోతుంది. పన్నెండు ముఖాల పాచిక ఒకదాని మీద గాండాల్ఫ్ గుర్తు ఒక ముఖాన, శత్రువు కన్ను మరో ముఖాన ఉంటాయి. పైగా ప్రయాణానికి పనులు పంచుతారు: దారి చూపేవాడొకడు, ముందుగా వెళ్లి చూసేవాడొకడు, వేటాడేవాడొకడు, కాపలా కాసేవాడొకడు. ఆ కథలో ఉంగరాన్ని నాశనం చేయడానికి డిసెంబరు 25న బయలుదేరిన బృందం పని మార్చి 25న గాని ముగియలేదనీ, ఆ మూడు నెలల్లో కత్తి దూసిన గంటల కన్నా కాళ్లు ఈడ్చిన రోజులే ఎక్కువనీ గమనించిన తొంటరి ఎవరో చేసిన పని ఇది. సాహసం ముగిశాక తలదాచుకునే చోటు వెతుక్కుని గాయాలు మాన్చుకోవడానికి కూడా ఆటలో ప్రత్యేక ఘట్టం పెట్టారు. ఎవరినీ చంపకుండా గడిచే ఘట్టం!

ఇంత తెగించినవారు కూడా టోల్కీన్ కథలో అడవిలో బతికే టామ్ బాంబడిల్ దగ్గర తోక ముడవక తప్పదని నా విశ్వాసం. ఉంగరం వేలికి పెట్టుకున్నా మాయం కాని ఆ పాటగాడికి ఏ అంకె వేసినా తప్పే. తక్కువ వేస్తే అబద్ధం, ఎక్కువ వేస్తే ఆటగాళ్లు ఉంగరాన్ని ఆయన చేతిలో పెట్టి ఇంటికి పోతామంటారు. ఇచ్చినా ఆయన ఎక్కడో పారేసి మరిచిపోతాడని మూలగ్రంథం ముందే చెప్పింది గాని, ఆటగాళ్లు ఆ మాట నమ్మరు. మరుపుకు శాతం ఎంతో చెప్పమంటారు. ఇక ప్రతి బల్ల దగ్గరా తప్పనిసరిగా ఉండే మూలగ్రంథ సంరక్షకుడి సంగతి సరేసరి. బిల్బో ఇల్లు బ్యాగ్ ఎండ్ తలుపు ఆకుపచ్చ రంగుదని గేమ్ మాస్టర్ మరచిన క్షణాన, ఓర్కులనే రాక్షసులు గుమ్మం దాకా వచ్చినా సరే, ముందు రంగు తేలవలసిందే.

అన్నిటినీ మించి నన్ను కలవరపెట్టేది ముగింపు. ఉంగరాన్ని పారేయవలసిన అగ్నిపర్వతం అంచున ఫ్రోడో మనసు చేతిలో ఓడిపోయాడు, ఉంగరం నాదేనన్నాడు. ఆట భాషలో, అత్యంత కీలకమైన పాచిక తప్పింది. అప్పుడు గొల్లుం అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని, సంబరంలో కాలు జారి మంటల్లో పడ్డాడు. అంటే లోకాన్ని కాపాడినది ఏ ఆటగాడూ కాదు. మూడుసార్లు చంపకుండా వదిలిపెట్టిన ప్రాణి తడబాటు. ఏ గేమ్ మాస్టరైనా ఇలా ఆట ముగిస్తే ఆటగాళ్లు ఆయన్ని బల్ల దగ్గరికి మళ్లీ రానిస్తారా? కనుక ఈ ఘట్టానికి సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఉంగరం నాశనమైనందుకు రావలసిన పాయింట్లను ఫ్రోడోకు ఇవ్వరాదు, అతడు ఓడిపోయాడు. సామ్‌కు ఇవ్వరాదు, ఆ క్షణంలో అతడు చేసినదేమీ లేదు. గొల్లుంకు క్యారెక్టర్ షీట్, అంటే పాత్ర అంకెలు రాసే కాగితం, లేదు, పైగా మరణించాడు. వారసులెవరైనా తగిన పత్రాలతో వచ్చేదాకా ఆ మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో జమ చేసి, కింద గేమ్ మాస్టర్ చేత సంతకం చేయించాలి.