క్లోమానికి ఏ ఆర్డర్ వచ్చింది?

హనుమకొండలో ఒక ఆఫీసులో నా ఫైలు మూడు నెలలుగా నిద్రపోతోంది. ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట: "పైనుంచి ఆర్డర్ రావాలె సారూ." ఫైలు అట్ట మీద చాయ్ గ్లాసు మరకలు మూడయ్యాయి. బెంచీ మీద కూర్చుని మా మనవడి బైపీసీ పుస్తకం తిరగేస్తుంటే నాకు జ్ఞానోదయం అయింది.

క్లోమం (పేగులోకి జీర్ణరసం వదిలే గ్రంథి, ఇంగ్లీషులో ప్యాంక్రియాస్) కూడా పైనుంచి ఆర్డర్ వస్తేనే రసం వదులుతుందని ఒకప్పుడు పెద్దలు నమ్మారు. రష్యాలో శాస్త్రవేత్త పావ్లోవ్ గారు కుక్కల మీద ఏళ్లతరబడి ప్రయోగాలు చేసి, కబురు నరాల మీదుగానే వెళ్తుందన్నారు. (నరాల పాత్రా ఉంది, కాదనను.) కానీ 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే బావా బావమరుదులు మత్తిచ్చిన కుక్క పేగులో ఒక ముక్కకు వచ్చే నరాలన్నీ తెంపేశారు. అంటే ఫోను లేదు, వాట్సాప్ లేదు. ఆ ముక్కలో కాస్త ఆమ్లం పోశారు. కాసేపటికే క్లోమం నుంచి రసం చుక్కలు చుక్కలుగా కారింది!

ఇదెలా అని, పేగు లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ వేసి నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ రసమే. ఆ పొరలో పుట్టి రక్తంలో కలిసి క్లోమాన్ని తట్టిలేపే పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు.

మొన్న రోడ్డు తవ్వకంలో ఆ ఆఫీసు కేబుల్ తెగింది. నరాలు తెగాయి, ఇక పని జరుగుతుందని సంబరపడి వెళ్లాను. గట్టిగా నాలుగు మాటలన్నాను, అంటే ఆమ్లం పోశానన్నమాట. చుక్క రాలలేదు.

గేటు బయట జిరాక్స్ తమ్ముడు నన్ను జాలిగా చూసి, "మీరెందుకు లోపలికి పోతరు పెద్దసారూ, కవరు నాకియ్యిరి" అన్నాడు. సెక్రెటిన్ దొరికింది! అతను లోపలికి వెళ్లి అన్ని టేబుళ్ల మధ్యా ప్రసరించి వచ్చాడు. మధ్యాహ్నానికి సంతకం పడింది. నా కోపమూ చల్లారింది. క్లోమరసంలోని బైకార్బొనేట్ పనే అది, ఆమ్లాన్ని చల్లార్చడం.

చిక్కేమిటంటే, ఆమ్లం తగ్గగానే సెక్రెటిన్ రావడం ఆగుతుంది, దాంతో రసమూ తగ్గుతుంది. నా ఫైలు పక్క టేబుల్ దాకా వెళ్లింది. నాలుగో మరక అక్కడ పడింది.